ఆందోలు కవి, కార్మికుల గురువు: మఖ్దూం మొహియుద్దీన్

పటాన్‌చెరు దాటి, సంగారెడ్డి మీదుగా జోగిపేట వైపు పోవు బాటసారికి దారి కిరువైపుల మొదట పొగగొట్టములును, మందుల కర్మాగారములును కనబడును. పోను పోను అవి పలుచబడి చేలును, చెరువులును కనుపట్టును. ఆ చేల నడుమ ఆందోలు అను ఊరు కలదు. 1908వ సంవత్సరము ఫిబ్రవరి 4వ తేదీన ఆ ఊరిలో ఒక పేద కుటుంబమున జన్మించిన బాలుడే ఉర్దూ కవులలో ప్రసిద్ధుడైన మఖ్దూం మొహియుద్దీన్. మన విద్యార్థులలో ఆయనను కవిగా ఎఱిగినవారు కొందఱు గలరు. కార్మిక నాయకుడుగా ఎఱిగినవారు అంతకంటె తక్కువ. ఆ పొగగొట్టముల క్రింద బ్రతుకు లీడ్చు వేలాది జనులకు ఈ రెండవ మఖ్దూంతో ఎక్కువ పని యున్నది.

ఆయన బాల్యము సుఖముగా గడవలేదు. పసితనముననే తండ్రి గతించెను. పినతండ్రి పెంచి పెద్దచేసెను. మసీదు ఊడ్చుట, నీళ్ళు తోడుట ఆ బాలునకు నిత్యకృత్యములు. రష్యా దేశమున అందఱును ఒక్క బంతిని కూర్చుండి భుజించుచున్నారని పినతండ్రి చెప్పిన మాట ఆతని మనస్సున గాఢముగా నాటుకొన్నదని చెప్పుదురు.

పై చదువుకొఱకు హైదరాబాదు చేరి మఖ్దూం ఉస్మానియా విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. చేత చిల్లిగవ్వ లేని దినములవి. మసీదులలో తలదాచుకొని, పిల్లలకు పాఠములు చెప్పి, బొమ్మలమ్మి చదువు సాగించెను. 1934లో బి.ఏ., 1936లో ఎం.ఏ. పట్టములు పొందెను. 1933లో వ్రాసిన ‘పీలా దుశాలా’ అను హాస్యగీతముతో విద్యార్థులలో పేరు వచ్చెను. పిమ్మట బెర్నార్డు షా నాటక మొకదానిని ‘హోష్ కే నాఖూన్’ అను పేర ఉర్దూలోనికి మలచిరి. పెండ్లికూతురు తండ్రి సంపద యంతయు మురికివాడల అద్దెలనుండి వచ్చినదని తెలిసి వరుడు అసహ్యించుకొనును. తన రాబడికి మూలము గూడ ఆ వాడలే యని తరువాత తెలియవచ్చును. షా నాటకమునకు ఇదియే ప్రాణము. మర్యాదస్థుని గృహమందలి వెలుగు ఎవరి చెమటతో వెలుగుచున్నదను ప్రశ్న మఖ్దూంను జీవితాంతము విడువలేదు.

1939లో ఆయన హైదరాబాదు సిటీ కాలేజిలో ఉర్దూ ఉపన్యాసకుడయ్యెను. అనాథగా పెరిగినవానికి నెల జీతము ఎంతటి భాగ్యమో ఊహింపవచ్చును. అట్టి ఉద్యోగమును కొలది సంవత్సరములలోనే ఆయన వదలుకొనెను. కమ్యూనిస్టు పార్టీలో చేరి, కార్మికులను కూడగట్టు పనిలో దిగెను. బోధన మాత్రము మానలేదు. తరగతి గది మారినది, శిష్యులు మారిరి. రైల్వే పనివారు, సిగరెట్టు కర్మాగారపు పనివారు, బట్టల మిల్లులవారు, గనులవారు ఆయన క్రొత్త విద్యార్థులైరి. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడినపుడు ఆయనయే దానికి అధ్యక్షుడయ్యెను.

ఆనాటి పనివాని స్థితి యెట్టిదో నేటివారు తెలిసికొనవలెను. యంత్రములో చేయి నలిగినచో, పూర్వకాలపు న్యాయము ప్రకారము యజమాని తప్పును రుజువుచేయు భారము గాయపడినవానిదే. కూలివానికి అది సాధ్యమా? ఈ చిక్కును తొలగించుటకే బ్రిటిషు ఇండియాలో 1923లో కార్మిక నష్టపరిహార చట్టము పుట్టినది. 1924 జులై 1 నుండి అమలులోనికి వచ్చినది. పని కారణముగా, పని సమయమున గాయము కలిగినచో, తప్పెవరిదను విచారము లేకయే పరిహార మీయవలెనని దాని సారము. అది బ్రిటిషు ఇండియా చట్టము. నిజాము రాజ్యమున దానంతట అది చెల్లదు. హైదరాబాదు భారతదేశమున కలిసిన పిమ్మట, 1951లో కేంద్ర చట్టములను ఇటువంటి రాష్ట్రములకు విస్తరింపజేసినపుడే అది ఈ గడ్డకు వచ్చినది.

ఆ సంధికాలమున మఖ్దూం అజ్ఞాతవాసమున నుండెను. తెలంగాణ సాయుధ పోరాటములో పాల్గొని, 1951లో పట్టువడి, 1952లో విడుదలయ్యెను. ఆ పోరాటమార్గమును గూర్చి అభిప్రాయభేదములు నేటికిని కలవు; అవి ఉండదగినవే. తుపాకుల కాలము ముగిసిన పిదప ఆయన ప్రజాస్వామ్య మార్గమున నడచిన తీరు మాత్రము గమనింపదగినది. హుజూర్‌నగర్ నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యెను. పిమ్మట మరణపర్యంతము ఆంధ్రప్రదేశ్ శాసన మండలి సభ్యుడుగా నుండెను.

ఈ పనుల నడుమ కవిత్వము ఆగలేదు. 1944లో ‘సుర్ఖ్ సవేరా’, 1961లో ‘గుల్-ఎ-తర్’, 1966లో ‘బిసాత్-ఎ-రక్స్’ వెలువడినవి. ఈ కడపటి గ్రంథమునకు 1969లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ప్రేమగీతమును, సమరగీతమును ఒక్క గొంతుతో పాడగలిగిన కవి యాయన. ఆ సంవత్సరమే ఆగస్టు 25వ తేదీన ఢిల్లీ నగరమున కన్నుమూసెను. ఆస్తి పాస్తులు కూడబెట్టినవాడు కాడు.

తాను పుట్టిన జిల్లా మన కాలమున దేశములోని పెద్ద పారిశ్రామిక ప్రాంతములలో ఒకటి యగుట ఆయన చూడలేదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు ఆయన పోయిన తరువాత పెరిగినవి. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారమందలి ఒక కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో పలువురు ఒడిశా, బిహారు, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములనుండి పొట్టకూటికై వచ్చినవారు. కొందఱి దేహములు సైతము దొరకలేదు. దేహమే దొరకనిచోట, ఆ మనిషి ఆ ఉదయము పనిలోనికి పోయెనని చెప్పుటకు హాజరుపట్టీ వంటి కాగితమే దిక్కు.

మఖ్దూం చేసిన బోధన నేటికిని ఏల అవసరమో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. కొన్నేండ్ల క్రిందట నా విద్యార్థి యొకడు హఠాత్తుగా చదువు మానెను. తండ్రి ప్రెస్సు యంత్రములో మూడు వ్రేళ్ళు పోగొట్టుకొనెను. గుత్తేదారు కొంత రొక్కము చేతబెట్టి, ఇక నాకేమియు రావలసినది లేదని వ్రాయించుకొనెను. ఆ తండ్రి వేలిముద్ర వేసెను. వేయుటకు ఆ వ్రేలైనను మిగిలినది. నాకు తెలిసిన నాటికి ఏడాదిన్నర గడచినది. హక్కు వదలుకొంటినని వ్రాసియిచ్చిన కాగితము చట్టము ముందు చెల్లదనియు, గుత్తేదారు క్రింద పనిచేసినను అసలు యజమానియే బాధ్యుడనియు, రెండేండ్లలోపల కమిషనరుకు అర్జీ పెట్టుకొనవచ్చుననియు వారికి చెప్పినవారు లేరు. ఈ.ఎస్.ఐ. చీటీ ఉన్నచో ఆ సంస్థయే సాయము చేయుననియు తెలియదు. ఇరువదేండ్లు తెలుగు చెప్పిన నాకు గూడ ఆనాటివరకు ఇవి తెలియవు. ఆ సిగ్గు నన్ను విడువలేదు.

1923 నాటి చట్టము స్థానమున 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చినది. పేరు మారినను మూలసూత్రము మారలేదు. ఇది గణితమునకు గూడ పాఠమే. పాత చట్టము ప్రకారము పనిలో మరణించినవాని నెల జీతములో సగమును వయస్సు ననుసరించిన అంకెతో హెచ్చింపవలెను. ముప్పది యేండ్లవానికి ఆ అంకె 207.98. 2020 నుండి లెక్కకు తీసికొన్న గరిష్ఠ వేతనము 15,000 రూపాయలు. అందు సగము 7,500. గుణించిన 15,59,850 రూపాయలు. ఈ లెక్క తెలిసిన పిల్లవాని యింట, ఏబదివేలతో ఎవరును సంతకము చేయించుకొనలేరు.

చట్టము పుస్తకమున నుండును. హక్కు మనిషి నోట నుండవలెను. రెంటి నడుమ వంతెన వేయువాడు గురువు. ఆందోలులో పుట్టిన మఖ్దూం ఆ పనికై ఉద్యోగమునే వదలుకొనెను. మనము ఉద్యోగము వదలనక్కఱలేదు. సంగారెడ్డి, పటాన్‌చెరు బడులలో మన యెదుట కూర్చున్న పిల్లలలో ఎందఱి తండ్రులు రాత్రిపాళీకి పోవుచున్నారో ఒకసారి అడిగి, పై లెక్కను నల్లబల్లపై ఒక్కసారి వేసిన చాలును.