క్లౌ దొరగారి కాలువ పని

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు చిన్నతనంలో సర్వే పని నేర్చినవారు. 1876-78 ధాత కరువులో ఆ విద్యే అక్కరకు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం తానే కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి, ముఖ్యంగా మాదిగలకు, కూలి చూపారు.

పనివారిలో చాలామంది బాప్తిస్మం అడిగారు. తిండి కోసం చేరేవారూ ఉంటారని భయపడి, ఏడాదికి పైగా ఆయన ఇవ్వలేదు. కూలి మాత్రం ఆపలేదు. ఆఫీసులో జీవితమంతా టార్గెట్లు నింపి పంపిన నాకు, ఇంత పెద్ద అంకె చేతికందుతుంటే వద్దనుకున్న మనిషి వింతగానే తోస్తాడు. అడిగినవారూ మానలేదు. కాలువ పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.