లెక్క చెప్పగల సంస్థే నిలుస్తుంది
డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారి జీవితం



మన ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని కార్యవర్గం వారు కోరగానే నాకు స్ఫురించిన పేరు డాక్టర్ పట్టాభి గారిది. నేను ఒక స్థానిక సంస్థ జమాఖర్చుల విభాగంలో పనిచేసి రిటైరై, కొండపల్లిలో స్థిరపడినవాడిని. అందుచేత ఆయన రాజకీయాల కంటె, ఆయన నెలకొల్పిన ఆర్థిక సంస్థల మీదనే నాకు ఆసక్తి ఎక్కువ.

పట్టాభి గారు 1880 నవంబరు 24న గుండుగొలను గ్రామంలో జన్మించారు. ఇప్పుడది ఏలూరు జిల్లా. మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి బందరులో ప్రాక్టీసు పెట్టారు. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి అక్కడే జాతీయ కళాశాల స్థాపనకు పూనుకున్నారు. తరువాత వైద్యవృత్తి మాని పూర్తిగా ప్రజాసేవకు అంకితమయ్యారు.

ఆనాటి డెల్టా పరిస్థితి మన పెద్దలకు తెలిసినదే. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక వరి విస్తారంగా పండింది. అయితే రైతుకు డబ్బు కావలసింది నాట్లప్పుడు, చేతికి వచ్చేది కోతలయ్యాక. నడుమ నెలలకు వడ్డీ వ్యాపారే దిక్కు. పంట ఎంత పండినా వడ్డీకే పోతుంటే ఆ సేద్యం ఎంతకాలం నిలుస్తుంది? ఈ చిక్కును విప్పడానికి 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు పట్టాభి గారి కృషితో వెలిశాయి.

ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 28న బందరులో పని ప్రారంభించింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. అవి బ్యాంకులంటే జనం జంకే రోజులు. 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ బ్యాంకు కూలి ఎందరో పొదుపుదారులు నష్టపోయారు. 1938లో ట్రావెన్కూర్ నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడి దక్షిణాది అంతా కలవరపడింది. అటువంటి కాలాన్ని ఆంధ్రా బ్యాంకు దాటి వచ్చింది.

బ్యాంకు బలం భవనంలో ఉండదు. డిపాజిటరు రేపే వచ్చి డబ్బు అడగవచ్చు, అప్పు తీసుకున్న రైతు మాత్రం పంట వచ్చాకనే ఇస్తాడు. అందువల్ల మూడు సంగతులు చూడాలి. అడిగిన వెంటనే ఇవ్వగల నగదు ఎంత? ఇచ్చిన అప్పుల్లో మొండిబాకీలు ఎన్ని? నష్టం వస్తే భరించే సొంత మూలధనం, రిజర్వు ఎంత? నేటి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఎంత విస్తారమైనా వాటి సారం ఈ మూడింటిలోనే ఉన్నది.

పట్టాభి గారు స్వాతంత్ర్య పోరాటంలో పలుమార్లు జైలుకు వెళ్ళారు. 1942 నుంచి అహమద్‌నగర్ కోటలో నిర్బంధంలో ఉన్నారు. 1935లో కాంగ్రెసు చరిత్ర వ్రాశారు. 1939లో అధ్యక్ష పదవికి సుభాస్ బోసు గారిపై పోటీచేసి ఓడిపోయినా, 1948లో అదే పదవికి ఎన్నికయ్యారు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉండి, 1959 డిసెంబరు 17న పరమపదించారు.

వ్యవస్థాపకుడు కారాగారంలో ఉన్నా, కాలధర్మం చెందినా సంస్థ నడవాలి. అసలైన పరీక్ష అదే. భారత లక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమయింది. బోర్డు మారినందుకు మనసు చివుక్కుమన్నా, 96 ఏళ్ళు ఆ పేరు నిలిచిందంటే అది సామాన్య విషయం కాదు.

ఇదే కొలత మన పంచాయతీలకు, మునిసిపాలిటీలకు కూడా వర్తిస్తుంది. డి.సి.బి. రిజిస్టరు తీసి పన్నుల డిమాండు ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత చూస్తే ఊరి ఆరోగ్యం నాడి పట్టినట్లు తెలుస్తుంది. గ్రాంటు ఆలస్యమైతే వీధి దీపాలు, మంచినీళ్ళు ఎన్ని నెలలు నడపగలరో లెక్కవేయాలి. కొత్త ట్యాంకు కట్టడమే కాదు, దాని మరమ్మతుకు ఏటా సొమ్ము కేటాయించారా అన్నదీ చూడాలి. మా కొండపల్లి బొమ్మల కళాకారులకు ఇది బాగా తెలుసు. తెల్ల పొణికి చెట్టు పెరిగేదానికంటె వేగంగా నరికితే, బొమ్మకు ఎంత గిరాకీ ఉన్నా పని ఆగిపోతుంది. అసలును తిని దాన్ని ఆదాయమనుకోరాదు.

చివరిగా మన సంగతి. ఎక్కువ వడ్డీ అనగానే గ్రాట్యుటీ సొమ్ము తీసుకువెళ్ళి పెట్టవద్దు. డిపాజిట్ బీమా 1962లో ఆరంభమైంది. 2020 నుంచి బీమా గల బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటరుకు 5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉన్నది. పరపతి సంఘాలకు, చిట్టీలకు ఆ బీమా లేదు. మన సంఘం జమాఖర్చులను కూడా సర్వసభ్య సమావేశంలో ప్రతి సభ్యుడూ నిస్సంకోచంగా అడగాలి. లెక్క అడగడం అవమానం కాదు, సంస్థకు ఆయుష్షు పోయడం. పట్టాభి గారికి మనం సమర్పించగల నివాళి అదే.