మైకు పట్టిన రాజుగారు

ఈ నెల గోడ పత్రికలో ఒక గొప్పవారి జీవితం నన్ను రాయమన్నారు. గాంధీగారి గురించి, అల్లూరి సీతారామరాజు గురించి ముందే రాసేశారు. అందుకని నేను విజ్జీ గురించి రాస్తున్నాను. ఆయన మరీ అంత గొప్పవారు కాదు. అయినా ఎందుకు రాస్తున్నానో చివర చెప్తాను.

పోయినేడు వాలీబాల్ పోటీలకి విజయనగరం వెళ్ళినప్పుడు అక్కడ విజ్జీ స్టేడియం ఉందని విన్నాం. విజ్జీ అంటే ఎవరో అమ్మాయి అనుకుని నవ్వుకున్నాం. కాదట, రాజుగారి కొడుకట. అసలు పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు. 1905 డిసెంబరు 28న పుట్టారు. విజయనగరం రాజుగారికి రెండో కొడుకు కాబట్టి గద్దె రాలేదు. కాశీలో తమవాళ్ళకున్న ఎస్టేటుకి వెళ్ళిపోయి అక్కడే ఉన్నారు.

ఆయనకి క్రికెట్టంటే పిచ్చి. 1926లో సొంత జట్టు పెట్టుకున్నారు. బంగళా ఆవరణలోనే మైదానం చేయించుకున్నారు. (మనం బంతికి గాలి కొట్టాలంటే పంపు కోసం స్టోరు రూము చుట్టూ తిరుగుతాం!) 1930లో దేశంలో సత్యాగ్రహం జరుగుతోందని ఇంగ్లండు జట్టు మన దేశం రాలేదు. అప్పుడు ఈయనే సొంత డబ్బు పెట్టి హాబ్స్, సట్‌క్లిఫ్ అనే పెద్ద ఆటగాళ్ళని అక్కడి నుంచి పిలిపించి, తన జట్టుతో దేశంలోను సిలోనులోను ఆడించారు.

ఆయన ఆట మాత్రం అంతంతే. 1936లో ఇండియా జట్టు ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆయనే కెప్టెన్. ఆటని చూసి కాదు, పలుకుబడిని చూసి ఇచ్చారు. మన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు లాంటి ఆటగాడు అదే జట్టులో ఉన్నా కెప్టెన్ ఈయనే. సులువు బంతులు వెయ్యమని అవతలి కెప్టెన్‌కి బంగారు గడియారం ఇచ్చారని కూడా కథ చెప్పుకుంటారు. 3 టెస్టులు ఆడి మొత్తం 33 పరుగులు తీశారు. రెండు టెస్టులు ఓడిపోయాం, ఒకటి డ్రా.

అన్నిటికన్నా నాకు కోపం వచ్చింది లాలా అమర్‌నాథ్ సంగతి. ఆ పర్యటనలో ఆయన బాగా ఆడుతున్నారు. ఒకరోజు ప్యాడ్లు కట్టించి కూర్చోబెట్టి, ఆయన వంతులో వేరేవాళ్ళని పంపుతూ పోయారు. ఆయనకి కోపం వచ్చి గట్టిగా మాట్లాడారు. అంతే, మొదటి టెస్టుకి ముందే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. తర్వాత విచారణ కమిటీ వేశారు. విజ్జీకి ఫీల్డింగు పెట్టడం, బౌలర్లని మార్చడం తెలియవని కమిటీ 1937లో చెప్పింది. ఆయన మళ్ళీ టెస్టు ఆడలేదు. ఆ పర్యటనలోనే తెల్లదొరలు సర్ బిరుదు ఇచ్చారు. 1947లో దాన్ని వదిలేసుకున్నారు.

అక్కడితో అయిపోయారనుకున్నాను. కాలేదు. చాలా ఏళ్ళకి మళ్ళీ క్రికెట్టులోకి వచ్చారు. 1952లో అదే అమర్‌నాథ్ మళ్ళీ కెప్టెన్ కావడానికి ఈయన సాయపడ్డారట. అది చదివాక నా కోపం సగం పోయింది. 1954 నుంచి 1957 వరకు క్రికెట్ బోర్డు అధ్యక్షులుగా ఉన్నారు. 1958లో పద్మభూషణ్ వచ్చింది.

ఇంక మైకు సంగతి. ఆయన రేడియోలో క్రికెట్టు కామెంటరీ చెప్పేవారు, ఇంగ్లీషులో. అప్పుడు మనకి టీవీ లేదు. రేడియో ముందు కూర్చున్నవాళ్ళకి మైకు దగ్గర మనిషే కళ్ళు. 1959లో మన జట్టు ఇంగ్లండు వెళ్తే బి.బి.సి. వాళ్ళు ఆయన్ని అతిథి వ్యాఖ్యాతగా పిలిచారు. ఆ ఏడు 5 టెస్టులూ మనమే ఓడాం. అందులో 3 టెస్టులు 1936లో ఈయన కెప్టెన్‌గా నిలబడ్డ మైదానాల్లోనే జరిగాయి. ఓడిన చోటే మళ్ళీ మనవాళ్ళు ఓడిపోతుంటే మైకులో చెప్పడం ఎలా ఉంటుందో!

కామెంటరీలోనూ మంచి పేరు రాలేదు. ఆయన పులుల్ని వేటాడేవారు. ఆ గొప్పలు చెప్తుంటే, కామెంటరీ చెప్తున్న రేడియో అడవిలో పెడితే పులులు విసుగొచ్చి చచ్చిపోయాయేమో అనుకున్నానని వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ అన్నారట. అది చదివి మా డార్మెటరీ అంతా నవ్వింది. నేను నవ్వాను గానీ, దొరలు వేటకొస్తే డప్పులు కొట్టి జంతువుల్ని తోలింది మనవాళ్ళేనని మా తాత చెప్పిన మాట గుర్తొచ్చింది. తోలినవాళ్ళ పేర్లు ఎక్కడా రాయలేదు.

1962లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. 1965 డిసెంబరు 2న కాశీలో చనిపోయారు. ఇంకో 26 రోజులుంటే 60 ఏళ్ళు నిండేవి.

ఎందుకు రాశానంటే, దసరా ముందు నా మడమ బెణికింది కదా. జట్టులో నా చోట ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల ఆడుతోంది, బాగానే ఆడుతోంది. జనవరి 26 ఆటకి నన్ను మైకులో చెప్పమన్నారు పీఈటీ సారు. నా తెలుగు వింటే పట్నం పిల్లలు నవ్వుతారు, నాది సవర యాస అని. విజ్జీకి డబ్బుంది, ఇంగ్లీషుంది, అయినా మైకు ముందు అవి పనికిరాలేదు. నాకు ఆ రెండూ లేవు. కానీ సర్వీసు ఎటు పడుతుందో, ఎవరు స్మాష్ కొడతారో బంతి లేవకముందే నాకు తెలుస్తుంది. ఆ రోజు మా అమ్మ, అవ్వ వస్తారు. వాళ్ళకి తెలుగు సరిగా రాదు. స్కోరు ఒకసారి తెలుగులో, ఒకసారి సవరలో చెప్పనా అని సారుని అడగాలి. ఇంకా అడగలేదు.