వెండి నాణెముపై సన్యాసిని: మాత మతిల్డా గెట్టర్

నాణెముపై ముఖము ముద్రింపబడుట పూర్వము రాజులకే చెల్లిన గౌరవము. కాని పోలండు దేశపు జాతీయ బ్యాంకు 2009వ సంవత్సరమున వెలువరించిన 20 జ్లోటీల వెండి నాణెముపై రాజును లేడు, సేనానియును లేడు, మువ్వురు స్త్రీలున్నారు. ఒకరు ఇరేనా సెండ్లర్ అను సంఘసేవకురాలు; మరియొకరు జోఫియా కొస్సాక్ అను నవలా రచయిత్రి; మూడవవారు మతిల్డా గెట్టర్ అను క్రైస్తవ సన్యాసిని. హిట్లరు కాలమున యూదుల ప్రాణములు నిలిపిన పోలండువారి స్మృతికై ఆ నాణెము వేయబడినది.

మతిల్డా 1870 ఫిబ్రవరి 25వ తేదీన వార్సా నగరమున జన్మించెను. ఆనాడు ఆ నగరము రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. ఆమె యౌవనముననే ఐహిక సుఖములు విడిచి, మరియమాత కుటుంబపు ఫ్రాన్సిస్కను సోదరీమణుల మఠమున చేరెను. క్రమముగా వార్సా ప్రాంతపు మఠములన్నిటికి అధ్యక్షురాలై, బాలబాలికల కొరకు ఇరువదికి పైగా విద్యాలయములను, శరణాలయములను నెలకొల్పెను. యుద్ధమునకు పూర్వమే ప్రభుత్వము ఆమెను పతకములతో సత్కరించినది. అంతటితో నిలిచినను అది సార్థకమైన జీవితమే. కాని అసలు పరీక్ష ఆమె డెబ్బదియవ యేట వచ్చినది.

1939 సెప్టెంబరులో జర్మను సేనలు పోలండును ఆక్రమించినవి. 1940 నవంబరులో వార్సాలోని యూదులను ఒక వాడలోనికి నెట్టి, చుట్టును గోడ కట్టి, ద్వారములు మూసిరి. నాలుగు లక్షలకు పైబడిన జనము ఆ యిరుకు వీధులలో ఆకలిచేతను, విషజ్వరముచేతను కృశించుచుండిరి. 1942 జూలై 22 మొదలు రెండు నెలలలో రెండున్నర లక్షలకు పైగా మనుష్యులను రైలుపెట్టెలలో ట్రెబ్లింకాకు గొనిపోయి వధించిరి. యూదులకు ఆశ్రయమిచ్చినవారికి మరణదండనయని 1941 అక్టోబరులోనే శాసనము వెలువడియుండెను.

అట్టి దినములలో గోడ దాటించి తెచ్చిన పసిబిడ్డలకు హోజా వీధిలోని మఠపు తలుపు తెరచియుండెను. సెండ్లర్ వంటివారు కొందరిని తెచ్చిరి. సాయమడిగి వచ్చిన యే బిడ్డనైనను త్రోసిపుచ్చరాదని మతిల్డా నిశ్చయించుకొనెను. కులమేది, మతమేది యని విచారింపలేదు. ఆ బిడ్డలను అచ్చట కొలదికాలముంచి ప్వూదీ, ఆనిన్ మున్నగు గ్రామములలోని శరణాలయములకు పంపుచుండిరి.

శరణాలయమున చిట్టాయే సాక్షి. జర్మను అధికారి వచ్చిన మొదట అడుగునది చిట్టాయే. కావున ప్రతి బిడ్డకును క్రొత్త పేరు, క్రొత్త పుట్టుక, జ్ఞానస్నాన పత్రము కల్పింపవలసివచ్చినది. ప్రశ్నించినపుడు తడబడకుండుటకై పిల్లలకు క్రైస్తవ ప్రార్థనలు నేర్పిరి. రూపమునుబట్టి గుర్తింపబడుదురన్న భయమున్న పిల్లల తలకో ముఖమునకో గాయమైనట్లు కట్టు కట్టుటయు కలదు. ప్రాణరక్షణకై పలికిన అసత్యము దోషము కాదని భాగవతమున శుక్రాచార్యుడు బలికి చెప్పిన ధర్మము ఇచ్చట సార్థకమైనది. కాని ఆ పసివారికది సులభమైన పని కాదు. తల్లి పెట్టిన పేరును నాలుగేండ్ల బిడ్డ నోట రాకుండ దాచవలెను.

శరణాగత రక్షణమనగానే శిబి చక్రవర్తి స్మరణకు వచ్చును. పావురమునకు బదులుగా ఆయన త్రాసులో తన మాంసమునే పెట్టెను. మతిల్డా త్రాసులో తన ప్రాణమొక్కటియే కాదు, తనను నమ్మిన సోదరీమణుల ప్రాణములును, ముందుగానే శరణాలయములలో నున్న అనాథల క్షేమమును ఉండెను. ఒక్క బిడ్డ పట్టుపడినచో నందరికిని ముప్పే. తన ప్రాణమిచ్చుటకంటె ఇతరుల ప్రాణములకు పూచీపడి నిర్ణయించుట కఠినతరము. ఆ భారమును ఆమె మోసెను.

రక్షింపబడిన పిల్లలు 250 మందియని కొందరు, 550 మందియని కొందరు లెక్కింతురు. ఒక్క ప్వూదీలోనే సుమారు 40 మంది యూదు బాలికలు ప్రాణములతో బయటపడిరి. నిజమైన పేర్లతో పట్టీ వ్రాయుటయే ప్రాణాపాయమైన కాలమున సంఖ్య సరిపోలకుండుట వింత కాదు.

మతిల్డా గెట్టర్ 1968 ఆగస్టు 8వ తేదీన 98 సంవత్సరములు నిండిన పిమ్మట ప్వూదీలో దేహము చాలించెను. యూదుల రక్షకులకు జెరూసలేములోని యాద్ వషేమ్ సంస్థ యిచ్చు ధర్మాత్ముల బిరుదము 1985లో ఆమె పేర ప్రకటింపబడినది. నాణెము వెలువడునాటికి ఆమె గతించి నలువదియొక్క యేండ్లయినవి.

ఆ వెండిపై 20 జ్లోటీలని విలువ ముద్రింపబడియున్నది. నాడు మారుపేర్లతో బ్రదికిన బిడ్డలు పెరిగిరి. వారికిని బిడ్డలు కలిగిరి. ఆ లెక్క యింకను పెరుగుచునే యున్నది.