యల్లాప్రగడ సుబ్బారావు
యల్లాప్రగడ సుబ్బారావు (1895 - 1948) ప్రసిద్ధ ఆంధ్ర జీవరసాయన శాస్త్రవేత్త. కండరాలలోని భాస్వర సమ్మేళనాలపై ఈయన చేసిన పరిశోధనలు, ఈస్టు ఎంజైములు చక్కెరను పులియబెట్టే విధానాన్ని అర్థం చేసుకొనడానికి కూడా తోడ్పడ్డాయి.

బాల్యం, విద్య
సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మెట్రిక్యులేషన్‌లో మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. సోదరులు ఇద్దరు స్ప్రూ వ్యాధితో మరణించారు. తరువాత ఈయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరాడు.

కిణ్వనం, భాస్వరం
కల్లు పులియడానికి ముఖ్య కారణం ఈస్టు. జీవకణాలు లేని ఈస్టు రసం కూడా చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుందని 1897లో జర్మనీకి చెందిన బుక్నర్ ప్రకటించాడు. అనగా ఆ పని చేసేవి కణంలోని ఎంజైములే. ఆ రసానికి ఫాస్ఫేటు చేర్చితే కిణ్వనం వేగవంతమవుతుందని 1906లో ఇంగ్లాండులో హార్డెన్, యంగ్ తెలిపారు. ఆ ఫాస్ఫేటు ఏమవుతున్నదో తెలియాలంటే దానిని కచ్చితంగా కొలవాలి.

హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి సుబ్బారావు, నీలిరంగు గాఢతను బట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించాడు. దీనినే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. దాని సాయంతో వారు 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కండరాలలో గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా ఏ.టి.పి.ని విడిగా కనుగొన్నాడు. ఒక గ్లూకోజు అణువును పులియబెట్టినపుడు ఈస్టుకు నికరంగా మిగిలేది రెండు ఏ.టి.పి. అణువులు. ఈస్టుకు కావలసినది ఆ శక్తియే. ఆల్కహాలు దానికి వ్యర్థపదార్థం.

తరువాతి జీవితం
హార్వర్డులో శాశ్వత పదవి లభించనందున 1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరాడు. అక్కడ ఈయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్లం కృత్రిమ తయారీ, బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజైన్, సూక్ష్మజీవుల కిణ్వనం ద్వారా లభించే ఆరియోమైసిన్ వెలువడ్డాయి. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఫోలిక్ ఆమ్లం ఔషధమైంది. 1948 ఆగష్టులో, 53వ ఏట ఈయన న్యూయార్కులో మరణించాడు.

గుర్తింపు
బుక్నర్‌కు 1907లో, హార్డెన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించింది; సుబ్బారావుకు లభించలేదు. 1953లో ఒక శిలీంధ్ర ప్రజాతికి ఈయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. ఈస్టు కూడా శిలీంధ్రమే. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.