నిరాశ్రిత మహిళల ఆశ్రయదాత పండిత రమాబాయి
(ఏప్రిల్ 5 పండిత రమాబాయి వర్ధంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

సంస్కృత విదుషీమణి, సంఘ సంస్కర్త, పూనా సమీపంలోని కేడ్‌గావ్‌లో ముక్తి సదనాన్ని నెలకొల్పిన పండిత రమాబాయి 1922 ఏప్రిల్ 5వ తేదీన పరమపదించారు. తన తర్వాత ఆ సదనాన్ని నడుపగలదని ఆమె తీర్చిదిద్దుకున్న ఒక్కగానొక్క కుమార్తె మనోరమాబాయి అంతకు సుమారు ఎనిమిదిన్నర నెలల ముందే కన్నుమూశారు. దళారుల చేతికి చిక్కిన, చిక్కబోయిన స్త్రీలకు ఆశ్రయమిచ్చే సంస్థకు స్థాపకురాలు, వారసురాలు ఏడాది తిరగకుండానే దూరమైనారు. రమాబాయి పాండిత్యం గురించి, మత మార్పిడి గురించి వెలువడిన రచనలు అనేకం. ఆమె తన సంస్థను ఎవరి చేతుల్లో పెట్టాలని తలచారు, చివరకు ఏమి జరిగింది అన్న అంశంపై దృష్టి సారించిన వారు తక్కువ. రక్షణ గృహాల నిర్వహణతో సంబంధమున్న వారికి ఈ భాగమే ఎక్కువగా తెలియవలసినది.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమలలోని గంగామూల అటవీ ప్రాంతంలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే స్త్రీలకు సంస్కృతం నేర్పరాదన్న కట్టుబాటును లెక్కచేయక భార్య లక్ష్మీబాయికి విద్య నేర్పిన పండితుడు. ఆ తల్లి వద్దనే రమాబాయి చదువు సాగింది. పురాణ పఠనమే జీవనాధారంగా ఆ కుటుంబం దక్షిణాది పుణ్యక్షేత్రాలన్నీ కాలినడకన తిరిగింది. 1870 దశకంలో కరువు వచ్చినప్పుడు వారు తిరుపతి పరిసరాల అడవులలో రోజుల తరబడి ఆకులు అలములు తిని ప్రాణాలు నిలుపుకున్నారు. 1874లో తండ్రి, అనతికాలంలోనే తల్లి, ఆ పిమ్మట అక్క మరణించారు. అన్న శ్రీనివాసశాస్త్రి, రమాబాయి మాత్రమే మిగిలారు. ఆ కష్టాల ఫలితంగా ఆమె వినికిడి శక్తి క్షీణించి జీవితాంతం బాధించింది. కరువు కాలంలో దిక్కులేని ఆడపిల్ల పరిస్థితి ఎటువంటిదో ఆమె పుస్తకాలలో చదివి తెలుసుకున్నది కాదు.

అన్నాచెల్లెళ్లు 1878లో కలకత్తా చేరుకున్నారు. అక్కడి విద్వాంసులు ఆమెను పరీక్షించి పండిత, సరస్వతి బిరుదులతో గౌరవించారు. 1880లో అన్న మరణించారు. అదే సంవత్సరం ఆమె బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ మేధావిని కులాంతర వివాహం చేసుకున్నారు. 1881లో మనోరమ జన్మించింది. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో మరణించడంతో ఇరవై మూడేళ్ల వయసులో, చంటిబిడ్డతో రమాబాయి వితంతువు అయినారు.

పూనాకు వచ్చి ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించిన ఆమె అదే ఏడాది హంటర్ విద్యా కమిషన్ ఎదుట వాంగ్మూలం ఇచ్చి, స్త్రీలకు మహిళా ఉపాధ్యాయులు, మహిళా వైద్యులు అవసరమని నొక్కి చెప్పారు. 1883లో ఇంగ్లండు వెళ్లి అక్కడ క్రైస్తవ మతం స్వీకరించారు. 1886లో అమెరికా చేరుకుని, తొలి తరం భారతీయ మహిళా వైద్యురాలు ఆనందీబాయి జోషి పట్టభద్రోత్సవానికి హాజరయ్యారు. అగ్రవర్ణ హిందూ స్త్రీల స్థితిగతులపై ఆమె ఆంగ్లంలో రచించిన గ్రంథం 1887లో వెలువడింది. అదే సంవత్సరం బోస్టన్‌లో ఆమె పేరిట ఒక సంఘం ఏర్పడి పదేళ్లపాటు ఆర్థిక సహాయం అందించేందుకు అంగీకరించింది.

ఆ సహాయంతో 1889 మార్చి 11న బొంబాయిలో వితంతు బాలికల కోసం శారదా సదన్ ప్రారంభమై, మరుసటి సంవత్సరం పూనాకు తరలింది. నిధులు బోస్టన్ నుంచి, సలహాలు రానడే, భండార్కర్ వంటి ప్రముఖులతో కూడిన స్థానిక సంఘం నుంచి, దైనందిన నిర్వహణ రమాబాయి నుంచి అన్నది నాటి ఏర్పాటు. మత విషయంలో తటస్థంగా ఉంటామన్న హామీపైనే తల్లిదండ్రులు తమ పిల్లలను పంపారు. రమాబాయి ప్రార్థనలకు బాలికలు హాజరవుతున్నారన్న వివాదం 1893లో తీవ్రమై, రానడే, భండార్కర్ సలహా సంఘం నుంచి వైదొలగారు. ఇరవై మందికి పైగా బాలికలను బంధువులు తీసుకువెళ్లిపోయారు. హామీ విషయంలో విమర్శకుల అభ్యంతరం నిరాధారమని చెప్పజాలము. అయితే ఆ సంఘం వైదొలగడంతో స్థానికంగా ఆమెను ప్రశ్నించగల, ఆమె లేనప్పుడు బాధ్యత వహించగల వ్యవస్థ లేకుండా పోయిన మాట కూడా వాస్తవమే. ఆ నాటి నుంచి సంస్థ భారమంతా ఒక్క వ్యక్తి మీదనే నిలిచింది.

1890 దశకం మధ్యలో రమాబాయి యాత్రికురాలి వేషంలో బృందావనం వెళ్లారు. మోక్షం ఆశ చూపి దూర ప్రాంతాల నుంచి వితంతువులను రప్పించి, వారి వద్దనున్న డబ్బు కాజేసి, ఆపైన వారిని అవినీతి కూపంలోకి దింపుతున్న దళారుల వ్యవస్థను ఆమె స్వయంగా చూశారు. 1896-97 కరువులో మధ్య పరగణాలలో పర్యటించినప్పుడు కూడా అటువంటి దృశ్యమే ఎదురైంది. పిల్లలను పోషించలేని కుటుంబాలు, పనుల కేంద్రాల వద్ద ఒంటరిగా మిగిలిన బాలికలు, వారి చుట్టూ అన్నం పెడతామంటూ తిరిగే మనుషులు. మైనర్ బాలికలను వ్యభిచారం నిమిత్తం అమ్మడం, కొనడం 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 372, 373 సెక్షన్ల క్రింద అప్పటికే నేరం. చట్టం ఉన్నది. విడిపించిన బాలికను ఆ రాత్రి ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు మాత్రం సమాధానం లేదు. రమాబాయి సుమారు 300 మంది బాలికలను, స్త్రీలను తన వెంట తీసుకువచ్చారు.

అదే సమయంలో పూనాలో ప్లేగు వ్యాపించింది. వారిని నగరంలో ఉంచడానికి అధికారుల ఆంక్షలు అడ్డు వచ్చాయి. పూనాకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని కేడ్‌గావ్ వద్ద సదనం కోసం ముందుగా కొన్న వ్యవసాయ భూమికి వారిని తరలించారు. ప్లేగు ఆసుపత్రికి పంపిన తమ బాలిక ఒకరు అక్కడి నుంచి తిరిగి రాలేదని, ఆమె దుర్మార్గుల పాలైందని ఆరోపిస్తూ రమాబాయి 1897లో బాంబే గార్డియన్ పత్రికకు లేఖ రాశారు. గవర్నర్ లార్డ్ శాండ్‌హర్స్ట్ ఆ ఆరోపణలను తోసిపుచ్చారు. ఆసుపత్రికి పంపిన బాలిక ఏమైనదన్న ప్రశ్నను బహిరంగంగా అడగడానికి ఆ రోజుల్లో ఎంతో సాహసం కావాలి. మతం విషయంలో ఆమెతో విభేదించిన జాతీయవాదులు సైతం ఈ లేఖను ప్రస్తావించారు.

కేడ్‌గావ్‌లోని ఆ పొలమే ముక్తి సదనంగా రూపొందింది. 1900 ప్రాంతంలో గుజరాత్ కరువు బాధితుల రాకతో అక్కడ నివసించేవారి సంఖ్య సుమారు 1,900కు చేరింది. దళారుల బారినపడి బయటపడిన స్త్రీల కోసం కృపా సదన్ అనే ప్రత్యేక విభాగం ఏర్పాటైంది. బాలికల వసతి నుంచి దీనిని వేరుగా ఉంచడం ముందుచూపుతో కూడిన నిర్ణయం. నేత, కుట్టు, పాడి, వ్యవసాయం, నూనె గానుగ, అచ్చు పని వంటి వృత్తులను నేర్పారు. ఆశ్రితులే పొలం దున్ని, గుడ్డలు నేసి, ముద్రణాలయంలో అక్షరాలు కూర్చేవారు. బయటకు వెళ్లగలిగిన వారు ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గృహిణులుగా స్థిరపడ్డారు. వెళ్లడానికి చోటు లేనివారు అక్కడే ఉండి కొత్తగా వచ్చిన వారి బాగోగులు చూసేవారు. శారదా సదన్ తొలి విద్యార్థినులలో ఒకరైన గోదుబాయి 1893లో ధోండో కేశవ కర్వేను పునర్వివాహం చేసుకుని, ఆ తర్వాత వితంతు విద్య కోసం ఆయన సాగించిన కృషికి తోడుగా నిలిచారు.

నాయకత్వ విషయంలో రమాబాయి తొలి ప్రయోగం 1898లో జరిగింది. బోస్టన్ సంఘం పదేళ్ల గడువు ముగిసిన ఆ సంవత్సరం సహాయాన్ని కొనసాగించుకొనేందుకు ఆమె అమెరికా వెళ్లగా, సహచరి సుందరబాయి పవార్, అమెరికన్ మిషనరీ మిన్నీ అబ్రామ్స్ ఇక్కడి బాధ్యతలు చూశారు. సదనం ఆమె లేకుండా కొన్ని నెలలు నడిచింది. అయితే సుందరబాయి అనంతరం పూనాలో స్వంత సంస్థను స్థాపించుకున్నారు. అబ్రామ్స్ 1908లో స్వదేశానికి వెళ్లి, తిరిగి భారతదేశం వచ్చి 1912లో మరణించారు. ఇక అందరి చూపు మనోరమ వైపు మళ్లింది.

మనోరమాబాయి అమెరికాలో చదివి, బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ. పట్టా పొందారు. శారదా సదన్ ప్రధానోపాధ్యాయిని అయినారు. అంధ బాలికలకు బ్రెయిలీ లిపిలో చదువు చెప్పడానికి శ్రీకారం చుట్టారు. ముక్తి కార్యక్రమాన్ని విస్తరింపజేస్తూ నాటి నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో పాఠశాల నెలకొల్పడంలో ముఖ్య పాత్ర వహించారు. తల్లి వినికిడి లోపం వల్ల కుమార్తెపై ఆధారపడటం ఏటేటా పెరిగింది. రమాబాయి చివరి సంవత్సరాలలో అధిక సమయం బైబిల్ మరాఠీ అనువాదానికి వెచ్చించగా, నిత్య వ్యవహారాలు మనోరమ చేతుల మీదుగా సాగాయి. 1919లో ప్రభుత్వం రమాబాయికి కైసర్-ఇ-హింద్ పతకం ప్రదానం చేసింది.

1921 జూలై 24న, నలభై ఏళ్ల వయసులో మనోరమాబాయి మరణించారు. రెండు దశాబ్దాలుగా సాగిన ఏర్పాటు ఒక్కరోజులో తారుమారైంది. తల్లి వయసు అప్పటికి అరవై మూడు. అయినను ఆమె శోకంలోనే కాలం గడపలేదు. అనువాద పనిని కొనసాగిస్తూనే సదనం వ్యవహారాలు చూశారు. రక్తసంబంధీకులు ఎవరూ లేని స్థితిలో, న్యూజిలాండ్ నుంచి వచ్చి కొంతకాలంగా ముక్తిలో సేవలందిస్తున్న లిసా హేస్టీ బాధ్యతలు స్వీకరించారు. కుటుంబంలోనే నాయకత్వం నిలుపుకోవాలన్న తొలి ఆలోచన విధివశాన నెరవేరలేదు. కాని సదనంలోని ప్రతి విభాగంలోనూ అక్కడే పెరిగి పని నేర్చుకున్న స్త్రీలు ఉండటం వల్ల స్థాపకురాలు వెళ్లిన మరునాడు కూడా వంటశాల పొయ్యి వెలిగింది, బడి గంట మోగింది. వారిలో అత్యధికుల పేర్లు చరిత్ర పుటలకు ఎక్కలేదు.

రమాబాయి అనువదించిన బైబిల్ సంపూర్ణ ప్రతి ముక్తి ముద్రణాలయం నుంచి 1924లో వెలువడింది. భారత తపాలా శాఖ 1989లో ఆమె స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. కేడ్‌గావ్‌లోని సంస్థ పండిత రమాబాయి ముక్తి మిషన్ పేరుతో నిరాశ్రిత మహిళలకు, పిల్లలకు ఆశ్రయమిస్తూ కొనసాగుతున్నది.