తెలుగులో లెక్కలు చెప్పిన పావులూరి మల్లన

లెక్కలంటే భయపడని విద్యార్థి మా ఇబ్రహీంపట్నం వసతి గృహంలో అరుదు. కంప్యూటర్ పాఠం ఇంగ్లీషులో ఉంటే ఆ భయం రెట్టింపు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో, లెక్కలను తెలుగులో చెప్పిన తొలి మహనీయుడు పావులూరి మల్లనను తలచుకుంటున్నాం.

మల్లన 11వ శతాబ్దపు కవి అని సాహిత్య చరిత్రలు చెబుతాయి. కమ్మనాటి పావులూరికి కరణం. 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసార సంగ్రహం' రాశాడు. మల్లన దానిని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. శివభక్తుడు కనుక జైన ఉదాహరణల స్థానంలో శైవ ఉదాహరణలు పెట్టాడు. అదే 'సారసంగ్రహ గణితము'. జనం 'పావులూరి గణితం' అన్నారు.

ఆయన పద్యాల్లో చదరంగం లెక్క ప్రసిద్ధం. మొదటి గడిలో 1, తర్వాత 2, 4, 8... ఇలా 64 గడులూ నింపితే మొత్తం 18446744073709551615. ఈ 20 అంకెలనూ మల్లన మాటల్లో దాచాడు. చంద్రుడంటే 1, బాణమంటే 5. ఒకట్ల స్థానం నుంచి చదువుకుంటూ పోవాలి.

ఈ మొత్తం రావాలంటే 2ను 64వ ఘాతానికి హెచ్చించి 1 తీసివేయాలి. 2ను 64 సార్లు రాసి గుణిస్తే 63 గుణకారాలు. కానీ 2 వర్గం 4, 4 వర్గం 16 అంటూ పోతే 6 గుణకారాలే చాలు. ఘాతం సరిసంఖ్యయితే సగం చేసి వర్గం, బేసి అయితే 1 తగ్గించి ఒక గుణకారం. ఈ పద్ధతి మహావీరుని గ్రంథంలోనే ఉంది. నేటి ప్రోగ్రామర్లు పూర్ణాంకాల ఘాత ఫంక్షన్‌ను ఇలాగే రాస్తారు.

సి భాషలోని 'పవ్' ఫంక్షన్ దశాంశ రూపంలో జవాబిస్తుంది. ఆ రూపంలో 9007199254740992 దాటితే ప్రతి పూర్ణాంకమూ సరిగ్గా ఇమడదు. మల్లన సంఖ్య చివరి 5 కాస్తా 6 అవుతుంది. అందుకే పూర్ణాంకాలకు వేరే ఫంక్షన్ రాసుకోవాలి. విచిత్రమేమంటే, రుణ గుర్తు లేని 64 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా మల్లన చెప్పినదే!

మల్లన కాలంలో చదువు అందరిదీ కాదు. ఆ తర్వాత ఎన్నో తరాల దాకా లెక్క రాక మా తాతలు కరణాలు రాసిన కాగితాల మీద వేలిముద్రలు వేశారు. ఈనాడు ఒక కరణం రాసిన లెక్కను మేమే కంప్యూటర్ మీద సరిచూస్తున్నాం. తెలుగులో నేర్చిన లెక్క తక్కువది కాదని చాటిన మల్లన మాకు చిరస్మరణీయుడు.